వానలో నడిచొచ్చిన నిప్పు

అనగనగా ఒక కొండగూడెంలో, ఇంకా అగ్గిపెట్టెలు రాని రోజుల్లో, పండమ్మ అని ఒకావిడ ఉండేది. వాగు అవతల ఆవిడ తోడికోడలు లక్కమ్మ ఉండేది. ఎప్పుడో మాటా మాటా పెరిగి, ఇద్దరికీ మాటల్లేవు.

ఒక ఏడు ముసురు పట్టింది. ఇళ్ళన్నీ కారాయి, పొయ్యిలన్నీ ఆరిపోయాయి. ఆ వానలోనే పండమ్మ కూతురు ప్రసవించింది. నెలలు నిండని పిల్ల. ఒళ్ళు చల్లబడిపోతోంది, ఏడుపైనా లేదు. కాపడం పెడదామంటే గూడెంలో నిప్పు లేదు.

అప్పుడు పండమ్మ చూస్తే, లక్కమ్మ ఇంటి కప్పులోంచి పొగ వస్తోంది. గబగబా వాగు దాటింది.

"అక్కా, నిప్పు కావాలి" అంది.

లక్కమ్మ ఏమీ అడగలేదు. కుండలో కాసిని కణకణలాడే బొగ్గులు వేసి ఇచ్చింది. వాగు దాటేలోపే జల్లు కొట్టి అవి చల్లారిపోయాయి.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళింది. ఈసారి లక్కమ్మ పిడక అంటించి ఇచ్చింది. అదీ సగం దారిలో నానిపోయింది.

మూడోసారి పండమ్మ వెళ్ళింది. గుమ్మంలోనే ఏడ్చేసింది.

"పిల్ల చల్లబడిపోతోందక్కా."

"ఏ పిల్లే?" అంది లక్కమ్మ. అప్పటిదాకా తెలీదు పాపం.

వెంటనే అటక మీంచి ఎండిన పుట్టగొడుగొకటి తీసింది. మనం కూర వండుకునేది కాదమ్మా. ఆ కూర గొడుగుకైతే కింద చేప మొప్పల్లా రేకులుంటాయి. ఇది ఎండుమాను మీద పలకలా పుట్టేది, చెక్కలా గట్టిగా ఉంటుంది. తినడానికి పనికిరాదు. కానీ అంటిస్తే మంట రాకుండా లోపల్లోపలే కాలుతుంది.

లక్కమ్మ దాని అంచు అంటించి, కుండలో పెట్టి, మూత వేసి, తనే చంకనెత్తుకుని బయల్దేరింది.

ఇంటికొచ్చి మూత తీస్తే అంతా బూడిద.

"ఆరిపోయింది పెద్దమ్మా" అంది బాలింత.

లక్కమ్మ ఊదింది. ఏమీ లేదు. మళ్ళీ ఊదింది. కాస్త పొగ. ఇంకోసారి ఊదింది. ఎర్రగా రాజుకుంది.

అప్పుడు పొయ్యి వెలిగించి, గుడ్డలు వెచ్చచేసి, పిల్లకి చుట్టారు. చాలాసేపటికి సన్నగా ఏడ్చింది. ఆ తర్వాత గూడెమంతా కుండలు పట్టుకుని నిప్పుకి వచ్చింది.

ఈలోపు వాగు పొంగింది.

"ఉండిపో అక్కా" అంది పండమ్మ.

"వాగు తగ్గేదాకానే" అంది లక్కమ్మ.

వాగు తగ్గింది. లక్కమ్మ లేవలేదు. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది, కదిలితే లేస్తుందని.

కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి.