కాగు కడిగే మిషను

భీమిలి రేవుకు దగ్గర్లో జోగారావు అనే ఫిట్టరు ఉండేవాడు. మంచి పనివాడే గాని, ఏ పని మొదలుపెట్టినా ఇది ఎప్పుడు అయిపోతుందా అని చూడటమే తప్ప, చేస్తున్నంతసేపూ అందులో మనసు పెట్టడం అతనికి చేతకాదు. అన్నం తింటూ చెయ్యి కడుక్కోవడం గురించి ఆలోచించేవాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక బోలెడంత తీరుబడి దొరికింది. తొందర మాత్రం పోలేదు.

పక్కింట్లో మరియదాసు ఉండేవాడు. జోగారావు కంటే కాస్త పెద్దవాడు. ఓడల్లో వంటవాడిగా చాలా రేవులు తిరిగి, భార్య ఎలీసమ్మ పోయిన కొన్నేళ్ళకు ఊరు చేరుకున్నాడు. ఎక్కడో ఒక చలిదేశంలో బార్లీతో పానీయం కాయడం నేర్చుకొచ్చాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని కచ్చాపచ్చాగా విసిరి, పీపాలో వేసి వేడినీళ్ళు పోస్తే గింజలోని తీపంతా నీళ్ళలోకి దిగుతుంది. ఆ తీపినీళ్ళను పెద్ద కాగులోకి వడగట్టి, అల్లం దంచి వేసి మరిగించి, చల్లార్చి కొద్దిగా పులియబెడితే, సీసా మూత తీయగానే బుస్సుమని నురగ పొంగేది. వీధిలో అందరూ దాన్ని నురగనీళ్ళు అనేవారు. ఎండాకాలం ఎవరింటికి చుట్టాలొచ్చినా జోగారావు పెరట్లోంచి సీసాలు వెళ్ళేవి.

ఆదివారం చర్చి నుంచి రాగానే మరియదాసు తెల్లచొక్కా విప్పి వంకెకు తగిలించి, పాత బనియనుతో పక్కింటి పెరట్లోకి వచ్చేవాడు. ఇద్దరూ కలిసి కాచేవారు. కాయడం వరకూ జోగారావుకు హుషారే. ఆ తర్వాత ఉండేదే అసలు చాకిరీ. పీపా అడుగున చిల్లుల రేకు ఉంటుంది. దానికింద బార్లీ పిప్పి ఇరుక్కుని బంకలా అంటుకునేది. కాగు అడుగునేమో గోధుమరంగు మాడు పట్టేది. కొబ్బరిపీచు, చింతపండు పట్టుకుని చెరో పక్కా కూర్చుని తోముతుంటే మధ్యాహ్నమంతా అక్కడే గడిచిపోయేది.

మరియదాసు మామూలుగా మాట్లాడే మనిషి కాదు. వీధిలో ఎవరు పలకరించినా తలూపి వెళ్ళిపోయేవాడు. కాగులో చేతులు పెట్టి కూర్చున్నప్పుడు మాత్రం, తల వంచుకునే, నెమ్మదిగా ఏదో ఒకటి చెప్పుకొచ్చేవాడు. మంచు కురిసే రేవులో పొయ్యి ముట్టించిన సంగతి చెప్పేవాడు. ఒకసారి ఎలీసమ్మ కోసం బిస్కట్ల డబ్బా పంపిస్తే, ఆయన తిరిగొచ్చేదాకా ఆమె దాని మూత తీయకుండా దాచి ఉంచిందట. తీసి చూస్తే అన్నీ పొడైపోయాయట. ఆ పొడినే ఇద్దరూ పాలల్లో కలుపుకు తాగారట. జోగారావు ఊఁ కొడుతూ, ఇంకా ఎంత మాడు మిగిలిందా అని అడుగు చూసుకునేవాడు.

కొన్నాళ్ళకు అతనికి ఒక ఆలోచన వచ్చింది. పాత నీళ్ళ మోటారు ఒకటి సంపాదించాడు. ఇనుప బంతికి చుట్టూ సన్నని చిల్లులు వేసి, కాగుకూ పీపాకూ సరిపోయే ఒక మూత లోపల గిర్రున తిరిగేలా బిగించాడు. రబ్బరు పైపు తగిలించాడు. బట్టల సోడా కలిపిన వేడినీళ్ళు ఆ బంతిలోంచి నలుదిక్కులా చిమ్మి, లోపలంతా కడిగి, కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కేవి. పని పూర్తికాగానే మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు కూడా చేశాడు. మొదటి రోజు మూత సరిగా బిగియక నీళ్ళు ఎగిరి, అతని భార్య నూకరత్నం ఎండబోసిన వడియాలమీద పడ్డాయి. ఆవిడ చేట పట్టుకుని వచ్చేసరికి మరియదాసు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

ఆ తర్వాత మిషను బాగా కుదిరింది. కాగు అద్దంలా మెరిసింది. జోగారావు మురిసిపోయాడు.

"దాసన్నా, ఇక నీ నడుముకు విశ్రాంతి. కాగు దించగానే నువ్వు ఇంటికెళ్ళి పడుకోవచ్చు" అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు. మరియదాసు కాసేపు మిషను చుట్టూ తిరిగి చూశాడు. "బాగా చేశావు జోగులూ" అని, తడి లేని చేతుల్ని బనియనుకు తుడుచుకుని ఇంటికి వెళ్ళాడు.

అప్పటినుంచి ఆదివారాలు పొట్టివైపోయాయి. మోటారు హోరులో మాట వినిపించేది కాదు. ఇద్దరూ చేతులు కట్టుకుని దాన్ని చూస్తూ నిలబడేవారు. మిగిలిన పొద్దులో జోగారావు ఇంకో విడత బార్లీ నానబెట్టేవాడు. సీసాలు పెరిగాయి. మరియదాసు కాగు దించడానికి చెయ్యి వేసి, కాసేపు ఉండి వెళ్ళిపోయేవాడు.

ఒక ఆదివారం ఆయన కాగు దించాక కూడా వెళ్ళలేదు. గోడ దగ్గర నిలబడ్డాడు. పీపా దగ్గరికి వచ్చి, అందులోని రేకు కింద ఒకసారి చేత్తో తోముదామా అని అడిగాడు. అక్కర్లేదన్నా, అంతా వచ్చేసింది అని జోగారావు టార్చిలైటు వేసి మరీ చూపించాడు. నిజంగానే రేకు కింద ఒక్క గింజ కూడా లేదు. మరియదాసు ఇంకాసేపు అక్కడే తచ్చాడి, వెళ్ళొస్తానని వెళ్ళిపోయాడు.

ఆ నెల తిరగకముందే ఆయన ఇంటి ముందు వ్యాను ఆగింది. మంచం, బీరువా ఎక్కిస్తుంటే జోగారావు పరుగున వెళ్ళాడు. తునిలో ఉన్న కూతురు సలోమి రమ్మంటోందనీ, ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేశాననీ మరియదాసు చెప్పాడు. జోగారావు వ్యాను వెనకతలుపు వేయడానికి సాయం చేసి వచ్చాడు.

ఆదివారాలు మళ్ళీ వచ్చాయి. జోగారావు ఒక్కడే కాచాడు. మిషను దాని పని అది చేసి ఆగిపోయేది. ఆగిన తర్వాత పెరట్లో పొద్దు అలాగే నిలబడిపోయినట్టు ఉండేది. పక్కింట్లో కొత్తవాళ్ళ రేడియో వినిపించేది. ఒకరోజు అతనికి ఆ మంచు రేవు పేరు గుర్తు చేసుకోవాలనిపించింది. ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ బిస్కట్ల డబ్బా కథలో కూడా చివర ఏమైందో అతనికి సగమే తెలుసు.

వంటింటి కిటికీలోంచి నూకరత్నం అంది: "ఆ డబ్బాలోనే ఆవిడ దారపుండలు పెట్టుకునేదట. ఆవిడ పోయాక ఆయన దాన్ని తనతోపాటు ఓడ ఎక్కించాడు. మీ ఎదురుగానే కదా చెప్పాడు."

"నువ్వు విన్నావా?"

"నేను కిటికీ దగ్గరే ఉండేదాన్ని. మీరు కాగులోకి చూస్తుండేవారు."

జోగారావు ఫోను చేశాడు. మరియదాసు బాగున్నానన్నాడు. అక్కడ వానలు పడుతున్నాయన్నాడు. ఆపైన ఇద్దరూ ఫోను పట్టుకుని ఊరుకున్నారు. మళ్ళీ వారం చేసినా అంతే. మనిషి గొంతు వినబడ్డాక బెంగ తీరాల్సింది పోయి, ఇంకా ఎక్కువైంది. ఏ వస్తువు కోసమూ ఎప్పుడూ అంతగా తపించని జోగారావు, తోమే పీచు చప్పుడు కోసం, దాని మధ్యలో నెమ్మదిగా నడిచే ఆ గొంతు కోసం చెవులు రిక్కించుకునేవాడు. చివరికి నూకరత్నమే అతని సంచి సర్ది, నాలుగు సీసాలు గుడ్డలో చుట్టి పెట్టి, వెళ్ళి చూసి రమ్మంది.

తునిలో మరియదాసు వీధి అరుగుమీద కూర్చుని ఉన్నాడు. జోగారావును చూడగానే లేచి నిలబడి, రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సలోమి కాఫీ ఇచ్చి, బాబాయ్ వచ్చారని పిల్లల్ని పిలిచింది. పిల్లలు తాత ఒళ్ళో ఎక్కి దిగి ఆడుకుని వెళ్ళారు. అప్పుడు జోగారావు అడిగాడు.

"దాసన్నా, వెళ్ళిపోతున్నానని నాకు ముందే ఒక్క మాట చెప్పకపోయావేం?"

మరియదాసు వీధిలోకి చూశాడు.

"చెబుదామనే వచ్చాను జోగులూ. అమ్మాయి రమ్మంటోంది, నాకేమో కదలాలని లేదు. నువ్వు ఉండన్నా అంటే ఉండిపోదామనుకున్నాను. రేకు తోముదామన్నాను చూడు, ఆ రోజు. అలా కూర్చుంటే మాట దానంతటదే వచ్చేది. నిలబెట్టి చెప్పడం నాకు చేతకాదు."

"ఉండన్నా అనేవాణ్ణి."

"తెలుసు" అన్నాడు మరియదాసు.

తిరిగి రమ్మని జోగారావు అడిగాడు. కొత్త ఇల్లు చూస్తానన్నాడు, మా ఇంట్లోనే గది ఇస్తానన్నాడు. మరియదాసు తల అడ్డంగా ఊపాడు. ఇల్లు పరాయిదైపోయింది. పిల్లలు తాతకు అలవాటు పడ్డారు. సలోమి వేకువనే డ్యూటీకి వెళితే వాళ్ళకు తలుపు తీసేది ఆయనే. అడగాల్సిన రోజు దాటిపోయిందని ఇద్దరికీ అర్థమైంది. ఆ సాయంత్రం వాళ్ళు అరుగు దిగి రైలుగేటు దాకా నడిచి వచ్చారు.

భీమిలి చేరాక జోగారావు మిషనును విప్పి పారేయలేదు. దాని తప్పేమీ లేదు. అది చేయమన్నది చేసింది. అతను ఇప్పటికీ దానితోనే కాగు కడుగుతాడు, వీలైనప్పుడల్లా తుని వెళ్ళొస్తాడు. కానీ ఆదివారం మధ్యాహ్నం మోటారు ఆగగానే పెరట్లోకి వచ్చే నిశ్శబ్దం మాత్రం అతనికి ఇంకా అలవాటు కాలేదు.

పిల్లలూ, పెద్దలూ, నీతి ఇది: ఏ చాకిరీనైనా వదిలించుకోవచ్చు గాని, వదిలించుకునే ముందు ఆ పని మన పక్కన ఎవరిని కూర్చోబెడుతోందో చూసుకోవాలి, లేకపోతే పనితోపాటు మనిషీ దూరమైపోతాడు.