ముళ్లపంది తల్లి తిరిగిన మూడు చోట్లు

అనగనగా ఒక కొండ అడవి. ఆ ఏడు ఎండలకి ఆ అడవి అంటుకుని సగం బూడిదైపోయింది. ఎన్నో జంతువులకి ఉండడానికి చోటు లేదు, తినడానికి తిండి లేదు.

మిగిలినవాళ్లు చూస్తూ ఊరుకోలేదు పిల్లలూ. అందరూ కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. కొండ మీద గుహలో పడుకునే చోటు. దాన్ని దాలయ్య అనే అడవిదున్న చూసుకునేవాడు. కింద వాగు దగ్గర గంజి. అది కాచేది పైడమ్మ అనే కొండముచ్చు. అవతల లోయలో మందు. అక్కడ గంగులు అనే ఎలుగుబంటి వేళ్లు నూరి ఇచ్చేవాడు. ముగ్గురూ మంచివాళ్లే. ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాళ్లు.

ఒక మధ్యాహ్నం గవరమ్మ అనే ముళ్లపంది తన కూతురు పోలిని వెంటబెట్టుకుని వచ్చింది. పోలికి జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. వేరే తల్లులైతే పిల్లని వీపు మీద ఎక్కించుకుంటారు. గవరమ్మ వీపంతా ముళ్లే. అందుకని జ్వరంతోనే పోలి నడవాలి.

ముందు గుహకి వెళ్లారు.

"దాలయ్య మామా, పిల్ల కాస్త నీడన పడుకుంటుంది," అంది గవరమ్మ.

దాలయ్య మూతితో పోలి నుదురు ముట్టుకుని వెనక్కి జరిగాడు. "జ్వరం పిల్లని లోపలికి రానివ్వకూడదమ్మా. పోయినసారి ఒకరికొస్తే గుహ మొత్తానికి అంటుకుంది. ముందు మందు వేయించుకుని రా. తగ్గగానే చోటిస్తా."

"మందు ఎటు మామా?"

"అదిగో, ఆ లోయలో. దగ్గరే."

దాలయ్య కాళ్లకి దగ్గరే. పోలి కాళ్లు చిన్నవి. పొద కనబడినప్పుడల్లా "అమ్మా, వచ్చేశామా?" అని అడుగుతోంది.

"వచ్చేశాం తల్లీ, ఇంకొంచెం," అంటోంది గవరమ్మ.

లోయలో గంగులు వేరు నూరుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. "పిల్ల ఏమైనా తిందా?"

"నిన్నటి నుంచి ఏమీ లేదన్నా."

"అయితే ఇవ్వను. ఖాళీ కడుపులో ఈ మందు పడితే పేగులు మెలిపెడతాయి. గంజి తాగించుకుని రా. నేనెక్కడికీ పోను, ఇక్కడే ఉంటా."

మళ్లీ నడక. వాగు దగ్గర పెద్ద వరస. గవరమ్మ వంతు వచ్చేసరికి పోలి నిలబడలేక ఊగుతోంది.

"కాలికి గరిక పోగు ఏదమ్మా?" అంది పైడమ్మ.

"ఏం పోగు అక్కా?"

"గుహలో ఉండేవాళ్లకి దాలయ్య కడతాడు. అది చూసే గంజి పోస్తాం. లేకపోతే ఈ నక్కలాంటివాళ్లు మళ్లీ మళ్లీ తాగేసి వెనకవాళ్లకి లేకుండా చేస్తారు."

"అందరి ముందూ నా ఊసెందుకు పైడమ్మా? నాకు ఆకలెక్కువ," అంది నక్క.

వరసంతా నవ్వింది. గవరమ్మ నవ్వలేదు. "గుహలో చోటు కావాలంటే జ్వరం తగ్గాలట అక్కా. జ్వరం తగ్గాలంటే మందు పడాలట. మందు పడాలంటే గంజి తాగాలట. గంజి తాగాలంటే గుహలో చోటుండాలంటున్నావు నువ్వు."

పైడమ్మ గరిటె ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కుండలోకి దిగింది. "నేనేం చెయ్యనమ్మా? పోగు తెచ్చుకో. వెనక చాలామంది ఉన్నారు."

గవరమ్మ మళ్లీ గుహ దారి పట్టింది. దాలయ్యని ఏమని అడగాలో తెలీదు. ఆగితే భయం, నడిస్తే భయం. కాస్త దూరం పోయాక ఆమెకి తట్టింది. పోలి 'వచ్చేశామా' అని అడగడం లేదు. వెనక్కి తిరిగి చూసింది. పిల్ల దారి మధ్యలో, ఎర్రటి ఎండలో పడిపోయి ఉంది.

ఎత్తుకోవడం చేతకాదు. వదిలి పరిగెత్తడానికి కాళ్లు రావు. అరిచినా ఆమె గొంతు వాగు దాకా వినపడదు. గవరమ్మ తోక ముళ్లు గలగలా ఆడించింది.

ఆ చప్పుడు వాగు దాకా వినపడింది. దగ్గరికొస్తే పొడుస్తానని ఆ చప్పుడుకి అర్థం. అడవిలో అందరికీ తెలుసు. వరసలోవాళ్లు బెదిరిపోయారు.

"ముళ్లపందికి కోపమొచ్చింది. అటు పోకండి," అంది నక్క.

పైడమ్మ అటే చూస్తూ నిలబడింది. "కోపం కాదు. సాయానికి పిలవడానికి దానికి ఇంకో చప్పుడు రాదు."

మోదుగాకు దొన్నెలో గంజి పోసుకుని, వరస దాటి నడిచింది.

"మరి మా సంగతి?" అన్నారు వెనకనుంచి.

"గరిటె అక్కడే పెట్టా. పోసుకోండి."

"పోగులు చూసేదెవరు?"

పైడమ్మ తిరిగి చూడలేదు. దారిలో లోయ అంచున ఆగి కేకేసింది. "గంగులూ, ఆ మందు పట్టుకుని ఇటురా."

"నా చోటు వదిలి ఎలా వస్తానే?"

"కాళ్లతో."

ఈలోపు చప్పుడు విని దాలయ్య గుహ దిగి వచ్చాడు. "పైడమ్మా, జ్వరం పిల్లని గుహలోకి..."

"గుహలోకి వద్దులే. నువ్వే ఇటొచ్చి ఎండకి అడ్డంగా నిలబడు."

దాలయ్య నిలబడ్డాడు. పోలి మీద నల్లగా, చల్లగా నీడ పడింది. పైడమ్మ గంజి చుక్కచుక్కగా పోసింది. మొదటి గుక్క బయటికొచ్చేసింది. రెండోది నిలిచింది. మూడోది పోలి తనంతట తనే మింగింది. అప్పుడు గంగులు దాని నాలిక మీద మందు రాశాడు. ఎండ జరిగినప్పుడల్లా దాలయ్యా జరిగాడు. గవరమ్మ మాత్రం కుదురుగా కూర్చోలేక చుట్టూ తిరుగుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా పోలికి చెమట పట్టింది.

"జ్వరం దిగుతోంది," అన్నాడు గంగులు.

అప్పుడు మొదలైంది గొడవ. ముందు తిప్పి పంపింది నువ్వంటే నువ్వని ముగ్గురూ వాదించుకున్నారు.

గవరమ్మ తిరగడం ఆపింది. "మీరు ముగ్గురూ చెప్పింది సబబే. మీకు మూడు చోట్లున్నాయి. నాకు ఒక్క పిల్లే ఉంది."



మర్నాడే గంజి కుండ, మందు నూరే రాయి గుహ ముందుకి వచ్చేశాయి. జ్వరం వచ్చినవాళ్లకి కాస్త ఎడంగా వేరే పందిరి వేశారు. గరిక పోగులు ఇప్పటికీ కడుతున్నారు, కానీ గంజి తాగాకే కడుతున్నారు. అయినా దాలయ్యకి నిమ్మళం లేదు. మధ్యాహ్నమైతే చాలు, దారి దాకా దిగి, ఎవరైనా పడిపోయి ఉన్నారేమోనని చూసి వస్తాడు.

నీతి: సాయం కోసం వచ్చినవాళ్లని మన చుట్టూ తిప్పకూడదు, మనమే లేచి వాళ్ల దగ్గరికి నడవాలి.