మద్ది దుంగకు పట్టిన పుట్టగొడుగు

"గురువుగారూ, బంగారం లాంటి మానును తిని పొట్టు చేసే దీన్ని భగవంతుడు ఎందుకు పుట్టించినట్టు?"

అడిగినవాడు బ్రహ్మలింగం. పదిహేనేళ్లు వడ్రంగం చేసి, ఆ కొండ దిగువ ఆశ్రమంలో చేరినవాడు. గుమ్మం చేద్దామని పంచలో దాచుకున్న మద్ది దుంగకు పుట్టగొడుగు పట్టింది. మెత్తటి రకం కాదు. చెక్కలా గట్టిగా, అరచేతులు వరసగా చాచినట్టు మానుకు అంటుకుని ఉంది. దాన్ని ఉలితో చెక్కి పారేస్తూ అడిగాడు.

గురువు పరదేశయ్య రాలిన పుట్టగొడుగు చెక్కలు ఏరుకుని పొయ్యి మీది అటకపై ఆరబెట్టుకున్నాడు.

వానాకాలం వచ్చింది. ఒకసారి మూడు రోజులు ఎడతెరిపి లేని ముసురు. మూడోనాటి మధ్యాహ్నం మేకల కాపరి ఈరన్న, పెళ్లాం పోలమ్మ పరుగున వచ్చారు. వాగు దాటుతుంటే చంకలోని పసిపిల్ల జారి నీళ్లలో పడిందట. పిల్ల పెదవులు నల్లబడ్డాయి, ఏడుపు లేదు. పోలమ్మ పిల్ల తడిబట్టలు విప్పి గుండెకు హత్తుకుంది. వెచ్చదనం కావాలి. చూస్తే పొయ్యి నిండా కప్పు కారిన నీళ్లు. అగ్గిపుల్ల గీస్తే మందు ఊడి చేతికొస్తోంది.

పరదేశయ్య అటక మీంచి బూడిద కుండ దించాడు. ముందురోజు పొయ్యి ఆరకముందే ఒక పుట్టగొడుగు చెక్క అంచు రాజేసి అందులో కప్పెట్టి ఉంచాడు. బూడిద తొలగిస్తే చెక్క అంచున ఇంకా ఆరని మినపగింజంత ఎరుపు.

"నువ్వే ఊదు," అన్నాడు బ్రహ్మలింగంతో.

బ్రహ్మలింగం వంగి, మెల్లగా ఊదాడు. ఎరుపు పాకింది. దాని మీద పెట్టిన కొబ్బరిపీచు అంటుకుంది. కానీ పొడి కట్టె ఏదీ? పంచలో మద్ది దుంగ ఒక్కటే. ఒక్క క్షణం దానివంక చూసి గొడ్డలి అందుకున్నాడు. పుట్టగొడుగు తిన్న మేర బెండులా విరిగి భగ్గుమంది. గట్టిగా మిగిలినదాన్నీ అతను దాచుకోలేదు.

కాసేపటికి పిల్ల మూలిగింది. ఆ తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

"ఏడ్చింది సామీ! నా తల్లి ఏడ్చింది!" పోలమ్మ నవ్వుతూనే భోరుమంది. ఈరన్న తలపాగాతో కళ్లు ఒత్తుకున్నాడు. బ్రహ్మలింగం గోడకు జారబడ్డాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

తర్వాత లేచి గురువు దగ్గరికి వెళ్లాడు.

"గురువుగారూ, ఆనాడు ఈ పుట్టగొడుగు గురించి నేనడిగిన మాట..."

పరదేశయ్య మంట ఎగదోస్తూ అన్నాడు: "అదలా ఉండనీ. ముందు పిల్ల పాలు తాగుతోందేమో చూసి రా."