రెండు పిస్తోళ్ళూ ఒక దండమూ

ఏటిగడ్డ రాజావారు విజయభూపతికి ఓడ వర్తకులు రెండు పిస్తోళ్ళు కానుకగా ఇచ్చిన నాటి నుంచీ దర్బారులో వేరే మాట లేదు. పన్నుల సంగతి మూలపడింది, కాలువ సంగతి మూలపడింది. ఇకమీదట దర్బారుకి వచ్చే ప్రతి పెద్దమనిషీ పిస్తోలుతోనే రావాలని రాజావారికి ముచ్చట పుట్టింది. బాగానే ఉంది. కానీ దాన్ని నలుగురికీ కనబడేలా పెట్టుకోవాలా, బట్టల్లో దాచుకోవాలా? పేచీ అక్కడొచ్చింది.

సేనాపతి కోదండనాయకుడు మీసం దువ్వాడు.

"కనబడాలి ప్రభూ! చూడగానే ఎదుటివాడి గుండె జారిపోవాలి. దాచుకునేవాళ్ళు దొంగలు."

"దాచుకోవాలి బావగారూ!" అన్నాడు రాజావారి బావమరిది జగ్గభూపతి. "ఎవరి దగ్గరుందో తెలియకపోతే అందరికీ అందరన్నా భయమే. ఊరేగించుకోవడానికి అదేమన్నా పల్లకీయా?"

ఈ ఇద్దరికీ ఏ విషయంలోనూ పడదు, ఒక్క విషయంలో తప్ప. విదూషకుడు సూరప్ప కోటలో ఉండకూడదు. అతని నోట్లో పడి ఇద్దరూ చాలాసార్లే నవ్వులపాలయ్యారు మరి.

"నువ్వేమంటావోయ్ సూరప్పా?" అన్నారు రాజావారు.

సూరప్ప వస్తున్న ఆవులింతను ఆపుకున్నాడు. "రెండూ బాగానే ఉన్నాయి ప్రభూ."

అదే అతను చేసిన పొరపాటు.

"చూశారా ప్రభూ, ఉత్త తిండి దండగ!" అని సేనాపతి అందుకున్నాడు. "రేపటికల్లా ఏది మంచిదో తేల్చమనండి. తేల్చలేకపోతే కోటలో ఇల్లు ఖాళీ చేసి పొమ్మనండి."

"న్యాయంగా ఉంది," అన్నాడు జగ్గభూపతి. రాజావారికి వేడుక కావాలి. "అలాగే కానీండి!" అనేశారు.

సూరప్ప నవ్వుతూనే బయటికి వచ్చాడు గానీ, ఇంటి గడప తొక్కేసరికి ఆ నవ్వు లేదు. లోపల అతని భార్య రత్తమ్మ నెలలు నిండి, గోడకి ఆనుకుని కూర్చుంది. సంగతి విని, "ఈ పొట్టేసుకుని ఏ ఊరు పోతామయ్యా?" అంది. సూరప్పకి నిజంగానే భయం వేసింది. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు దర్బారు కిటకిటలాడిపోయింది. సూరప్ప చేతిలో తుపాకీమందు పోసే కొమ్ము ఉంది.

"ప్రభూ, ఉత్త పిస్తోలుకీ రోకలిబండకీ తేడా లేదు. మీ ఎదురుగానే నేను మందు కూరతాను. ఆ తర్వాత ఈ ఇద్దరూ చెరొకటి తీసుకుని, ఎవరి పద్ధతిలో వాళ్ళు పెట్టుకుంటారు."

రాజావారు సరేనన్నారు. సూరప్ప కొమ్ము వంచి, రెండు పిస్తోళ్ళలోనూ నల్లగా ధార పోసి, కడ్డీతో కూరాడు.

"ఇంకా పొయ్యవోయ్!" అని సేనాపతి గదమాయించాడు. తన తుపాకీలో మందు ఏనాడూ తాను పోసుకోని మనిషి! గొట్టం మూతి దగ్గర వెండితో చేసిన సింహం ముఖం ఉంది. అది అందరికీ కనబడాలని పిస్తోలును తలకిందులుగా, మూతి పైకి ఉండేలా నడికట్టులో దోపుకున్నాడు. జగ్గభూపతి స్తంభం చాటుకు వెళ్ళి, రొంటిన దోపుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డాడు.

"ఇక దర్బారు మొదలెట్టించండి ప్రభూ," అన్నాడు సూరప్ప.

ఏటిగడ్డలో దర్బారు సాష్టాంగ దండంతోనే మొదలవుతుంది. గుండె నేలకి తగలాలి. తగల్లేదో, ఎంతటివాడికైనా కొలువు ఊడుతుంది. ముందు సేనాపతి, తర్వాత బావమరిది, ఆ తర్వాతే మిగిలినవాళ్ళు.

సేనాపతి ఠీవిగా ముందుకొచ్చి నడుం వంచాడు. సింహం మూతి తిన్నగా రాజావారి బొజ్జకి గురిపెట్టింది.

"ఆగవయ్యా!" అని కేకపెట్టి రాజావారు రెండు కాళ్ళూ సింహాసనం మీదికి లాక్కున్నారు.

సేనాపతి కంగారుపడి, వంగినవాడు వంగినట్టే పక్కకి తిరిగాడు. ఆ పక్కనున్న పురోహితుడు శాలువా వదిలేసి పరుగెత్తాడు. ఇటు తిరిగితే ఇటువాళ్ళు, అటు తిరిగితే అటువాళ్ళు చెల్లాచెదురయ్యారు. చివరికి సేనాపతి నిటారుగా నిలబడ్డాడు. ఇప్పుడా మూతి అతని గడ్డం కిందే ఉంది. కదలడానికి అతనికే ధైర్యం చాల్లేదు.

"జగ్గభూపతీ, నువ్వన్నా కానీ," అన్నారు రాజావారు.

జగ్గభూపతి కదల్లేదు. ముఖం పాలిపోయింది, మోకాళ్ళు రెండూ అతుక్కుపోయాయి.

"నడుం పట్టేసింది బావగారూ."

"నిన్న లేదే?"

"అది... జారింది. పంచెలో ఎక్కడుందో తెలియడం లేదు. మూతి ఎటుందో అసలే తెలియడం లేదు. ఎవరన్నా రండర్రా!"

ఒక్కడూ రాలేదు. అప్పుడు సూరప్ప చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, కనబడేలా పెట్టుకున్నాయన వంగితే తమరు కాళ్ళు ముడుచుకున్నారు. దాచుకున్నాయన అసలు వంగనే లేదు. దండం పుచ్చుకోవడానికి రాజు భయపడి, దండం పెట్టడానికి కొలువు భయపడితే, ఇక్కడ ఏలుతున్నది తమరా, పిస్తోళ్ళా?"

రాజావారు మెల్లగా కాళ్ళు దించారు.

"బయటా వద్దు, లోపలా వద్దంటే మరెక్కడ పెట్టుకోమంటావోయ్?"

"చెప్పులు విడిచిన చోటే ప్రభూ!"

"మాటలు తర్వాత, ముందు దీన్ని తియ్యవయ్యా!" అని జగ్గభూపతి ఏడుపు గొంతుతో అరిచాడు.

సూరప్ప వెళ్ళి, అతని పంచె కుచ్చిళ్ళలోంచి పిస్తోలు లాగి, మూతి కిందికి వంచి దోసిలి పట్టాడు. నల్లగా జలజలా రాలాయి. సూరప్ప వాటిని చిటికెడు నోట్లో వేసుకుని నమలడం మొదలెట్టాడు.

"నువ్వులు ప్రభూ. ఇంట్లో ఉంటే తెచ్చాను. ఇంతమంది మధ్య నిజం మందు పోయడానికి నాకేమన్నా పిచ్చా?"

రాజావారు నోరు తెరిచారు. "అయితే నేను కాళ్ళు లాక్కున్నది..."

"నువ్వులకే ప్రభూ. ఉత్త నువ్వులే ఇంత పని చేశాయి!"

రాజావారికి ముందు కోపం రాబోయింది, ఈలోగా నవ్వే వచ్చేసింది. కిరీటం పక్కకి ఒరిగేదాకా నవ్వారు.

"ఒరే సూరప్పా, నువ్వు ఖాళీ చెయ్యడమేమిటి, ఆ ఇల్లు ఇక నీ సొంతం! రేపటి నుంచి గుమ్మం దగ్గర ఎవరి పిస్తోలైనా నీ చేతికే అప్పగించాలి. సేనాపతీ, నీదే మొదటిది."

సేనాపతి గడ్డం కిందనుంచి పిస్తోలు జాగ్రత్తగా తీసి సూరప్ప చేతిలో పెట్టాడు. సభంతా పగలబడి నవ్వుతోంది. జగ్గభూపతి మాత్రం ఇంకా మోకాళ్ళు విడదీయలేదు.