పద్దెనిమిది గూళ్ల ఖాళీ బుట్ట

వాగుకి ఇవతలి పొదల్లో జంతువులకి వానాకాలమంటే పులీ మేకా ఆటే. ఆ ఆట చేసి అమ్మేది నక్క వీరాస్వామి. ఏటా తొలకరికి గడ్డిబుట్టలో పటమూ, మూడు పులుల పావులూ, పదిహేను మేకల పావులూ పెట్టి ఇంటింటికీ తెచ్చిచ్చేవాడు. బుట్టలు అల్లేది మాత్రం గిజిగాడు సోమయ్య.

ఈ ఏడు బుట్ట తెరిస్తే పటం ఉంది, పావుల్లేవు. వాటికి బదులు ఒక మోదుగాకు. "ఈ ఆకు పట్టుకుని వాగు అవతల నా గుహకి రండి. పావులిస్తాను. అక్కడే ఆడుకుని, తిరిగిచ్చి వెళ్లండి" అని దానిమీద రాసుంది. వాన పట్టాక వాగు దాటేదెవరు? నక్కకి పావులన్నీ వాగు దాటించి ఇంటింటికీ మోసే శ్రమ తప్పింది, అంతే.

జంతువులన్నీ మండిపడ్డాయి. వీరాస్వామి ఎంతో అమాయకంగా మొహం పెట్టాడు.

"నన్నంటారేమిటండీ? నేను ఆట చేసేవాణ్ణి. బుట్టలో ఏది పడుతుందో, ఏది పట్టదో అల్లేవాడి ఇష్టం. ఆ గిజిగాణ్ణి అడగండి!"

"నేను కాదు మొర్రో!" అన్నాడు సోమయ్య.

"బుట్ట నీ ముక్కుతోనే కదా అల్లావు?" అంది తాబేలు నూకాలమ్మ. అల్లిన మాట నిజమే.

అడవంతా తిట్టినా సోమయ్య ఓర్చుకునేవాడే. కుందేలు రాజమ్మ మొహం తిప్పుకోవడం మాత్రం భరించలేకపోయాడు. కాలు విరిగి ఆమె ఏడాదిగా బొరియ దాటలేదు. వానల్లో ఆమెకి కాలక్షేపమంటే ఆ ఆటే. సాయంత్రం బొరియ ముందు వాలి, "అత్తా, నీమీద ఒట్టు..." అనబోయి ఏడ్చేశాడు.

రాజమ్మ బుట్ట ఒళ్లోకి లాక్కుని లోపల తడిమింది. అంచు చుట్టూ గూళ్లు. పదిహేను చిన్నవి, మూడు పెద్దవి.

"ఖాళీగా పంపాలనుకున్నవాడు పావుకో గూడు ఎందుకు అల్లుతాడురా, పిచ్చి నాయనా?" అంది. "ఏడవకు. రేపు ఎలాగోలా నన్ను నూకాలమ్మ వీపెక్కించు, చాలు."

మర్నాడు తాబేలు మీద ఊరేగుతూ వచ్చింది కుందేలు. అందరి ముందూ బుట్ట పైకెత్తింది.

"నిన్న తొందరపడి తిట్టాం గానీ, ఎంత తేలికమ్మా ఈ బుట్ట! కుంటిదాన్ని, ఒంటిచేత్తో ఎత్తేశాను. ఖాళీగా పంపాలన్న ఆలోచన వచ్చిందే, ఆ బుర్రకి దండ వెయ్యాలి. ఇదిగో, కట్టుకొచ్చాను కూడా. సోమయ్యా, ఇటు రా, మెడ వంచు."

నక్కకి ఒళ్లు మండిపోయింది.

"వాడికా దండ! వాడికంత బుర్రెక్కడిది? ఖాళీగా పంపమన్నది నేను! 'రాజమ్మత్త వాగు దాటలేదయ్యా, పావులు పెట్టండయ్యా' అని మూడు రోజులు నా కాళ్లావేళ్లా పడ్డాడు. నోర్మూసుకోమన్నాను!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వీరాస్వామి నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ మధ్యాహ్నం అందరి మాటకీ తలొగ్గి, జోరువానలో, నడుం లోతు వాగులో, పావుల మూట నెత్తిన పెట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగి పంచాడు. "తప్పు మాట అన్నాన్రా, మనసులో పెట్టుకోకు" అంది నూకాలమ్మ. సోమయ్యకి మళ్లీ ఏడుపొచ్చింది.

రాజమ్మ పటం పరిచి, వాడి తల నిమిరి, "ముందు కూర్చో. పులులు నీవే" అంది.

మెప్పుకోసం ముందుకి ఉరికేవాడే, తప్పు జరిగితే పక్కవాణ్ణి ముందుకి తోస్తాడు.