సింగవ్వ మోసిన రాయి

అది రౌద్రి నామ సంవత్సరం, వైశాఖ మాసం. మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలం. నల్లకొండ మీద ఒక కోతుల మంద ఉండేది.

ఆ కోతులకు ఒక విద్య తెలుసు. అడవి బాదంకాయను బండమీది గుంటలో నిలబెట్టి, గుండ్రాయితో ఒక్క దెబ్బ వేసేవి. పెంకు పగిలేది, పప్పు నలిగేది కాదు.

ఆ ఏడు కొండవాగు ఎండిపోయింది.

"ఏటి ఒడ్డుకు పోదాం. అక్కడ నీళ్లున్నాయి, బాదంచెట్లూ ఉన్నాయి," అన్నాడు మంద నాయకుడు ఎర్రమూతి.

అన్నీ తమ రాళ్లు పడేసి బయలుదేరాయి. సింగవ్వ అనే ముసలి కోతి మాత్రం పడెయ్యలేదు. పిసరు అనే తల్లి లేని మనవరాలిని వీపున ఎక్కించుకుంది. రాయిని ఎడమ చేత్తో పొట్టకు అదుముకుంది. మూడు కాళ్ల మీద కుంటుతూ నడిచింది.

"ఏమే అవ్వా, కొండ మీద బెంగపడి ఒక ముక్క వెంట తెచ్చుకుంటున్నావా?" అని ఎర్రమూతి నవ్వాడు. "రాయి దొరకని చోటు ఎక్కడైనా ఉంటుందా?"

"ఏటి ఒడ్డు నువ్వు చూశావా, నాయనా?"

"చూడలేదు. మా తాత చెప్పాడు."

"నేనూ చూడలేదు. అందుకే మోస్తున్నాను," అంది అవ్వ.

దారి పొడవునా ఎండకు బండలు కాలాయి. చేతిలో రాయీ కాలింది. అవ్వ పట్టు వదల్లేదు.

ఏటి ఒడ్డున నీళ్లున్నాయి. చెట్ల కింద కాయలు రాలి ఉన్నాయి. కానీ ఎటు చూసినా ఇసుకే. గులకరాయి కూడా లేదు.

ఎర్రమూతి కాయను కొరికాడు. పన్ను విరిగింది. ఎండిన మట్టిపెళ్లతో కొట్టాడు. పెళ్ల పొడి అయింది. చెట్టెక్కి పైనుంచి విసిరాడు. కాయ ఇసుకలో కూరుకుపోయింది. తల్లులకు పాలు లేవు. పిల్లలకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

సింగవ్వ ఒక మద్దిచెట్టు వేరు మీద కాయ నిలబెట్టి, కుడిచేత్తో రాయెత్తి కొట్టింది. పప్పు తీసి పిసరు నోట్లో పెట్టింది. ఆ చప్పుడుకు మందంతా వచ్చి చుట్టూ కూర్చుంది. ఎవరూ చెయ్యి చాచలేదు.

"అవ్వా, అడగడానికి నాకు మొహం లేదు," అన్నాడు ఎర్రమూతి.

"నీ మొహంతో నాకేం పనిరా, పళ్లు ఎన్ని మిగిలాయో చూసుకో," అంది అవ్వ. "ముందు పిల్లలు, తర్వాత తల్లులు, ఆపైన నీలాంటి మొగకోతులు. కాయ కొట్టుకున్నవాళ్లు రాయిని ఈ వేరు దగ్గరే వదలాలి. దాచుకోకూడదు."

అలాగే చేశాయి. వానలు పడేదాకా మందలో ఒక్క పిల్ల కూడా చావలేదు.

రాయి మోసిన ఆ ఎడమ చేతి వేళ్లు మాత్రం వంకరగానే బిగుసుకుపోయాయి. అవ్వ మళ్లీ కొమ్మ పట్టలేదు, చెట్టెక్కలేదు. మనవరాలు పిసరే పప్పు ఏరి అవ్వ నోట్లో పెట్టేది.

ఉన్నచోట ఎవరూ లెక్కచెయ్యని వస్తువే లేనిచోట ప్రాణాలు నిలుపుతుంది. దాన్ని అక్కడిదాకా చేర్చినందుకు సింగవ్వకు పోయింది ఒక చెయ్యి.