పుండరీకుడు మెరుగుపెట్టని పన్ను

అనగా అనగా, తెలుపంటే ప్రాణం పెట్టే ఊరొకటి ఉండేదట. దాని పేరు ధవళపురి, ఒక రాజ్యానికి రాజధాని. పండగ వస్తే ఆ ఊళ్ళో గోడకు సున్నం, అరుగుకు సున్నం, ఆఖరికి ఎద్దు కొమ్ములకూ సున్నమే. గోడ బీటలిచ్చిందా, లోపల చెదపట్టిందా అని అడిగినవాడు లేడు. పైకి తెల్లగా ఉంటే చాలు.

మనుషుల పళ్ళకూ అదే న్యాయం. పెళ్ళి కుదిరితే చాలు, పిల్లా పిల్లవాడూ పళ్ళు తెల్లచేయించుకోవలసిందే. అందుకోసం రాజుగారి కొలువులో ఒక పదవే ఉండేది. ఆ పదవిలో ఉన్నవాడు పుండరీకుడు. శాస్త్రం చదివినవాడు, నాలుగు మాటలకు బదులు ఒక మాటతో సరిపెట్టేవాడు.

ఆ దేశపు యువరాజు ఉదయవర్ధనుడు. తండ్రి పోయిన నాటినుంచి తల్లి చారుమతీదేవి రాజ్యభారం మోసింది. ఇప్పుడతను యుక్తవయస్కుడయ్యాడు. విజయదశమినాడు పట్టాభిషేకమని చాటింపు వేయించారు.

ఆ దేశంలో దానికొక ఆచారం ఉంది. కాబోయే రాజు కోటగుమ్మం మెట్ల మీద నిలబడి, రైతు చేతినుంచి చెరుకుగడ అందుకుని, పంటితో చీల్చి, జనం వైపు చూసి నవ్వాలి. ఏలేవాడి ఒంట్లో సత్తువ ఉందో లేదో చూడడానికి పెద్దలు పెట్టిన ఆచారమది. రానురాను జనం చెరుకు సంగతి మరిచిపోయారు. నవ్వు తెల్లగా ఉందా అన్నదే చూడసాగారు. నల్లపన్ను రాజు ఏలితే నేల చవుడుబారుతుందని ఒక మాట కూడా పుట్టించారు. మాటలు పుట్టించడానికి ఖర్చేముంది?

యువరాజు గుండెల్లో రాయి పడింది ఇక్కడే. ఆ వానాకాలంలో గుర్రం మీంచి పడ్డప్పుడు అతని ముందుపన్ను చిట్లింది. మొదట గీత, తర్వాత మచ్చ, ఆ తర్వాత నలుపు. పక్కపంటికి పుప్పి కూడా పట్టింది. నవ్వొస్తే ఉత్తరీయం అడ్డం పెట్టుకునేవాడు. రాజవైద్యుడు వరాహభట్టు పేరు వింటే మాత్రం వణికిపోయేవాడు.

ఆ వణుకుకు కారణం ఉంది. పసితనంలో ఒకనాడు, వరాహభట్టు పటకారు పట్టుకుని తండ్రి గదిలోకి వెళ్ళడం అతను చూశాడు. తలుపు మూసుకుంది. లోపలినుంచి ఒక కేక వినిపించింది. ఆ సాయంత్రమే కోట మీద మరణభేరి మోగింది. నాన్నను పటకారే చంపిందని ఆ పసిమనసు తీర్పు చెప్పేసుకుంది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అడగని ప్రశ్న లోపల పెరిగి పెద్ద భయమైంది.

అందుకే అతను వైద్యుణ్ణి కాక పుండరీకుణ్ణి పిలిపించాడు.

"పుండరీకా, పట్టాభిషేకం నాటికి నా పళ్ళు మల్లెమొగ్గల్లా ఉండాలి."

పుండరీకుడు చన్నీళ్ళలో దూది ముంచి ఒక్కొక్క పంటికీ తాకించాడు. చిట్లిన చోటికి వచ్చేసరికి యువరాజు పీఠం మీద ఎగిరిపడ్డాడు. పుండరీకుడు దూది పక్కన పెట్టేశాడు.

"ప్రభూ, ముందు వైద్యుడి పని. ఆయన పని అయ్యాక నా పని. నా మందులో పులుపుంది, క్షారముంది. గట్టిపంటి మీద అది మెరుగు. చిట్లిన పంటిలోకి దిగితే అదే నిప్పు."

"వైద్యుడి మాట ఎత్తకు! నేనడిగింది తెలుపు. ఇవ్వగలవా, లేవా?"

"ఇవ్వగలను ప్రభూ. కానీ ఇవ్వను."

యువరాజు ముఖం ఎర్రబడింది. అక్కడికక్కడే పదవి ఊడబెరికి, మళ్ళీ కోటగుమ్మం తొక్కవద్దన్నాడు. పుండరీకుడు నమస్కరించి, తన మందులపెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ రోజు ధవళపురిలో చెప్పినవాడే లోకువైపోయాడు.

పదవి ఖాళీ అయితే ఆ వాసన పొరుగుదేశం దాకా పోతుంది. వారం తిరక్కుండానే శంఖపాలుడనేవాడు పట్టుపంచె కట్టుకుని, అత్తరు పూసుకుని దిగాడు. యువరాజు నోట్లోకి చూసీ చూడనట్టు చూశాడు.

"ఇంతోటి పంటికి వైద్యుడెందుకు ప్రభూ? మూడు పూతలు పూస్తాను. పున్నమి చంద్రుడు మిమ్మల్ని చూసి మబ్బుచాటుకు పోతాడు."

మొదటి పూత పూశాడు. నలుపు పోయింది. కొలువులో అందరూ ఆహా ఓహో అన్నారు. యువరాజు ఉత్తరీయం తీసేసి నవ్వాడు. కానీ ఆ పూట మంచినీళ్ళు తాగుతుంటే ప్రాణం జివ్వుమని లాగింది. పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకు నలుపు మళ్ళీ తొంగిచూసింది. రెండో పూత ఇంకా ఘాటుగా పూశాడు. ఈసారి చిగురు వాచింది. అన్నం ముద్ద సయించలేదు. యువరాజు బుగ్గన లవంగం పెట్టుకుని, మింగలేక కక్కలేక, ఆ బాధ పంటి బిగువున భరించాడు. చారుమతీదేవి కనిపెట్టింది.

"ఏం నాయనా, అలా చిక్కిపోతున్నావు? వరాహభట్టుగారిని పిలవమంటావా?"

"వద్దమ్మా! ఆయన నా గదిలోకి రాకూడదు," అని అరిచాడు. ఆ అరుపులో కోపం కన్నా భయమే ఎక్కువని తల్లికి తెలిసింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

మూడో పూత విజయదశమి ఉదయాన పూశాడు. పళ్ళు మిలమిల మెరిశాయి. పైన పటారం, లోన లొటారం.

మంగళవాద్యాలు మోగుతున్నాయి. కోటగుమ్మం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఈరమ్మ అనే ముసలి రైతు ముందుకు వచ్చి, "కొరుకు నాయనా, తియ్యని గడ," అంటూ చెరుకు అందించింది. యువరాజు కొరికాడు. చిట్లిన పన్ను ఫెళ్ళున విరిగింది. చెరుకు మీద రక్తం, చీము పడ్డాయి. అతను నోరు పట్టుకుని మెట్ల మీదే కూలిపోయాడు. జనం తేరుకునేలోపు శంఖపాలుడు ఏరు దాటేశాడు.

మర్నాటికి దవడంతా వాచింది. కన్ను మూసుకుపోయింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అయినా యువరాజు వైద్యుణ్ణి రానివ్వలేదు. "పుండరీకుణ్ణి పిలవండి," అని కలవరించాడు.

పుండరీకుడు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"మిగిలిన ముక్కనైనా తెల్లచెయ్యి," అన్నాడు యువరాజు, మాట కూడా సరిగా రాక. "మళ్ళీ జనం ముందు నిలబడాలి. నీ పదవి నీకిస్తాను."

"చెయ్యను ప్రభూ."

"నీ తల తీయిస్తాను."

"తీయించండి. అప్పుడూ మీ పన్ను అలాగే ఉంటుంది."

యువరాజు కంట నీరు కారింది. "నీ కాళ్ళు పట్టుకుంటాను పుండరీకా."

పుండరీకుడు మోకాళ్ళ మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నాడు. "తెల్లబట్ట కప్పితే శవమూ తెల్లగానే ఉంటుంది ప్రభూ. మీరు బతకాలి. వైద్యుణ్ణి రానివ్వండి."

"వస్తే చంపుతాడు! నాన్నను చంపినట్టే చంపుతాడు!"

తలుపు దగ్గరున్న చారుమతీదేవి నిశ్చేష్టురాలైంది. ఇన్నేళ్ళూ కొడుకు మనసులో ఉన్నదేమిటో ఆమెకు ఇప్పుడు తెలిసింది. పరుగున వచ్చి అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఎవరు చెప్పారు తండ్రీ నీకా మాట? మీ నాన్నగారూ నీలాగే పంటినొప్పి దాచారు. పైన పూతలు పూయించుకుంటూ ఒక ఏడాది గడిపారు. వరాహభట్టుగారు గుమ్మం దాకా వచ్చినప్పుడల్లా వెనక్కి పంపారు. చివరికి పిలిచేటప్పటికి విషం మెడ దిగిపోయింది. ఆయన్ను తీసుకుపోయింది పటకారు కాదు నాయనా, ఆలస్యం. నువ్వూ ఆ దారినే పోతానంటే నేనెవరి కోసం బతకను?"

యువరాజు చాలాసేపు తల్లి ముఖంలోకి చూశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

"నా చెయ్యి వదలకమ్మా. పిలవండి ఆయన్ని."

వరాహభట్టు వచ్చాడు. ముసలి చేతులు, కానీ వణుకు లేదు. చీము తీశాడు. విరిగిన పంటి మూలం పెరికాడు. అప్పుడు యువరాజు పెట్టిన కేకకు కోట దద్దరిల్లింది. బయట జనం చేతులు జోడించుకుని భేరి కోసం భయంభయంగా చెవులొగ్గారు. ఆ సాయంత్రం ఏ భేరీ మోగలేదు. మూడోనాటికి జ్వరం దిగింది. యువరాజు లేచి కూర్చుని గంజి అడిగితే, చారుమతీదేవి గిన్నె పట్టుకుని గుమ్మం దాటకుండానే ఏడ్చేసింది.

వైద్యుడు అంతటితో ఆగలేదు. పక్కపంటి పుప్పి తొలిచి, శుభ్రం చేసి, ఔషధపు ముద్దతో పూడ్చాడు. చిగుళ్ళు గట్టిపడేదాకా వేచి, చన్నీళ్ళ దూది తానే తాకించి చూశాడు. యువరాజు కదల్లేదు.

అప్పుడు పుండరీకుడు పిలవకుండానే పెట్టెతో వచ్చాడు. "ఇప్పుడు నా పని ప్రభూ," అని తేలికపాటి మందుతో మెరుగుపెట్టాడు. పళ్ళు తెల్లబడ్డాయి. పోయిన పంటి చోట ఖాళీ మాత్రం అలాగే ఉంది. దానికి తెలుపు పూసే మందు ఏ పెట్టెలోనూ లేదు.

మంచి ముహూర్తాన ఉదయవర్ధనుడు మళ్ళీ మెట్లెక్కాడు. జనం ఊపిరి బిగబట్టారు. అతను నోరు తెరిచి ఆ ఖాళీని అందరికీ చూపించాడు.

"ఇక్కడ నాకొక పన్ను ఉండేది. జబ్బుపడిందని తెలిసీ దాచాను. నిజం చెప్పినవాణ్ణి వెళ్ళగొట్టి, పొగిడినవాణ్ణి చేరదీశాను. పన్నొకటి పోవడంతో బయటపడ్డాను. మా నాన్నగారికి ఆ అదృష్టం లేకపోయింది. మీలో ఎవరైనా నాలాగే నొప్పి దాచుకుని నవ్వుతున్నారా?"

తెల్లటి ఊరు, తెల్లటి పళ్ళు, దించుకున్న తలలు. కాసేపటికి ఈరమ్మ చీర చెంగు బుగ్గమీంచి తీసింది. "నాకుంది నాయనా. నల్లపన్నంటే నవ్వుతారని మా ఆయనకు కూడా చెప్పలేదు," అంది. ఆమె వెనకే ఒక సైనికుడు చెయ్యెత్తాడు. తర్వాత ఒక కొత్త పెళ్ళికూతురు. తర్వాత, సిగ్గుపడుతూ, కొలువులోని మంత్రి.

ఆ రోజే పట్టాభిషేకం జరిగింది, పుండరీకుడికి పదవి తిరిగివచ్చింది. ఉదయవర్ధనుడు రాజైన తర్వాత వేసిన మొదటి శాసనం ఇది: వైద్యుడు చూడని పంటిని తెల్లచేయరాదు.

పిల్లలూ, జబ్బును ముందు మాన్పుకోవాలి, అందం ఆ తర్వాత. పుండు మీద పూసిన పూత పుండును దాస్తుందే కాని మనిషిని కాపాడదు.